మండల వార్తకు బిల్లు కట్టేదెవరు?

ఎన్నికల సీజన్‌లో ఓ అబద్ధాన్ని ఊరంతా తిప్పాలనుకున్నవాడు ఏం చేస్తాడు? పేపర్ కటింగ్ తయారు చేస్తాడు. పేరున్న దినపత్రిక ఫాంటు, ఆ పత్రిక వాడే హెడ్డింగు రంగు, రెండు కాలమ్‌ల మధ్య సన్నటి గీత, ఊరి పేరు పక్కన ‘న్యూస్‌టుడే’ అనో ‘ఆంధ్రజ్యోతి’ అనో ఓ ముద్ర, అంచున కాస్త నలిగిన కాగితం మరక. అన్నీ ఫోన్‌లోనే కుదురుతాయి. తెల్లారేసరికి అది ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. ‘ఈ క్లిప్పింగ్ మాది కాదు మొర్రో’ అని పత్రికలు వివరణ ఇచ్చుకునేలోపు పని జరిగిపోతుంది. హైదరాబాద్‌లో పుట్టిన వార్తల యాప్ వే2న్యూస్‌కూ ఇదే తిప్పలు. తన లోగోతో తిరిగే దొంగ పోస్టులను ఖండించడానికి అది ఫ్యాక్ట్‌చెక్ పేజీ ఒకటి నడుపుకుంటోంది.

చెల్లని నోటుకు నకిలీ ఎవరూ కొట్టరు. పత్రికకు జనంలో ఇంకా ఎంత పరపతి ఉందో చెప్పడానికి ఏ సర్వేకన్నా ఈ దొంగ కటింగులే గట్టి సాక్ష్యం. చదివేది ఫోన్‌లోనే అయినా, నమ్మాలంటే అది పేపర్లో పడి ఉండాలి. అయితే పరపతి వేరు, రాబడి వేరు. ఆ రెండూ ఇప్పుడు చెరో దారి పట్టాయి.

ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ లెక్కల్లో 2019లో రోజుకు సుమారు 16 లక్షల ప్రతులున్న ఈనాడు, 2022 చివరికి 12 లక్షల చిల్లరకు దిగింది. తెలుగులో అందరికన్నా ముందున్న పత్రిక సంగతే ఇది. దేశం మొత్తమ్మీద చూస్తే మరీ అంత చీకటిగా లేదు. ఆ బ్యూరో పరిధిలోని దినపత్రికల రోజువారీ అమ్మకం 2024 రెండో సగంలో 2.89 కోట్ల ప్రతులుంటే, 2025 మొదటి సగానికి 2.97 కోట్లయింది. పత్రికల వాళ్లు దీన్ని పండగలా చెప్పుకున్నారు. డబ్బు లెక్క దగ్గరికొచ్చేసరికి ఆ ఉత్సాహం నీరుగారుతుంది. ఫిక్కీ-ఈవై నివేదికల ప్రకారం 2019లో దేశంలో అచ్చు మాధ్యమం రాబడి 29,600 కోట్ల రూపాయలు. కొవిడ్ ఏడాది అది 19,000 కోట్లకు పడింది. 2023 నాటికి 26,000 కోట్ల దాకా తేరుకుంది. అంటే నాలుగేళ్ల తర్వాత కూడా, రూపాయి విలువ తరిగినా, పాత అంకెను అందుకోలేదు. ఈలోగా డిజిటల్ మాధ్యమం 2024లో టీవీని సైతం దాటి మొదటి స్థానానికి వెళ్లింది.

ఇక్కడితో ‘ఫోన్ వచ్చి పేపర్‌ను చంపేసింది’ అని తీర్పు రాసేయడం తేలిక. తెలుగు పత్రికల చరిత్ర ఆ తీర్పును ఒప్పుకోదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది. దాసరి నారాయణరావు 1984లో ఆర్భాటంగా తెచ్చిన ఉదయం 1995లో ఆగింది. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో 1960లో విజయవాడలో పుట్టిన ఆంధ్రజ్యోతి 2000లో మూతపడి, చేతులు మారి 2002లో మళ్లీ లేచింది. అప్పటికి ఇక్కడ జనం చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్ రాలేదు. ఆ పత్రికలను దెబ్బతీసినవి జీతాలు, న్యూస్‌ప్రింట్ బిల్లులు, యాజమాన్యాల తగాదాలు, పక్క పత్రిక పోటీ. పేపర్ నడపడం ఇక్కడ ఏనాడూ తీరుబడి వ్యాపారం కాదు.

ఈసారి తేడా ఎక్కడుందో పట్టుకోవాలంటే 1989కి వెళ్లాలి. అంతకు పదిహేనేళ్ల ముందు, 1974 ఆగస్టు 10న, రామోజీరావు విశాఖపట్నంలో ఈనాడు ప్రారంభించినప్పుడు ఆయన వేసిన ఎత్తు సూటైనది. విజయవాడ నుంచి వచ్చే పత్రికలు విశాఖ వాళ్లకు పొద్దెక్కాక గానీ అందేవి కావు. తెల్లవారకముందే గుమ్మంలో పేపర్ వేస్తే గెలుపు మనదే. ఆ లెక్క పారింది. అసలు మలుపు మాత్రం 1989లో వచ్చిన జిల్లా అనుబంధాలది. జిల్లా మొత్తానికి విడిగా ఓ చిన్నసైజు పత్రిక, అందులో మళ్లీ ఊళ్లవారీగా వార్తలు. బోరు ఎండిపోయిందనీ, హాస్టల్లో పిల్లలకు నీళ్ల చారు పోస్తున్నారనీ, ఫలానా వంతెన మూడేళ్లుగా పునాది దగ్గరే ఆగిందనీ అచ్చులో చూసుకునే అవకాశం మారుమూల ఊళ్లకు అంతకుముందు లేదు. మిగతా పత్రికలూ ఆ దారి పట్టక తప్పలేదు. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషల పత్రికల విస్తరణపై రాసిన పుస్తకంలో ఈనాడుకు పెద్దపీట వేయడానికి కారణం ఇదే.

ఆ పేజీలకు ఎంత సత్తా ఉందో 1992లో తేలింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లు సారాకొట్టు మీద తిరగబడ్డారు. అదే రాష్ట్రస్థాయి పేజీల మీద మాత్రమే నడిచే పత్రికల కాలమైతే, లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్తగా ముగిసేది. జిల్లా పేజీలు దాన్ని రోజూ మోశాయి. ఈ ఊళ్లో ఏం చేశారో పక్క ఊరు చదివింది. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించారు. సారా వేలంపాటలు ఆగాయి. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. తర్వాత ఆ నిషేధం నిలవలేదన్నది వేరే కథ. ఊరి వార్తను ఊరి పేరుతో అచ్చువేసే యంత్రాంగం ఒకటి ఉంటే ఏం జరుగుతుందో మాత్రం రాష్ట్రం కళ్లారా చూసింది.

ఆ యంత్రాంగానికి పునాది మండల విలేకరి. చాలామంది పాఠకులు అతన్ని పత్రిక ఉద్యోగి అనుకుంటారు. ఎక్కువమంది కాదు. వాళ్లు కంట్రిబ్యూటర్లు. పాతరోజుల్లో నెలాఖరుకు తాము రాసినవి కత్తిరించి, కాగితాలకు అంటించి, స్కేలుతో కొలిచి ‘లైన్ అకౌంట్’ పంపేవారు. ఎంత అచ్చయితే అంత డబ్బు. ఆ డబ్బు పెట్రోలుకు చాలితే గొప్ప. అందుకే విలేకరికి పక్కన ఎరువుల కొట్టో, ఎల్ఐసీ ఏజెన్సీయో, ప్రైవేటు బడిలో పాఠమో ఉంటుంది. దీనికితోడు దసరాకి, కొత్త సంవత్సరానికి, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనల టార్గెట్లు. పొద్దున ఏ సర్పంచి మీద వార్త రాయాలో, సాయంత్రం అదే సర్పంచి దగ్గరికి శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలి. మండల వార్తల నాణ్యత గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ ఇరకాటం గురించి మాట్లాడాలి.

పాఠకుడు కట్టే డబ్బుతో ఇదంతా ఎన్నడూ నడవలేదు. రోడ్డు పక్క బండి దగ్గర సింగిల్ టీ పది రూపాయలు. రంగుల్లో అచ్చయిన దినపత్రిక చాలాచోట్ల అంతకన్నా తక్కువకే వస్తుంది. అందులోంచి ఏజెంటు కమీషన్ పోవాలి, వ్యాన్ ఖర్చు పోవాలి. నెలాఖరుకు పాత పేపర్లు తూకానికి వేస్తే ఇంటివాళ్లకు బిల్లులో కొంత వెనక్కే వస్తుంది. మిగతా భారమంతా ప్రకటనలదే. 2008 మార్చి 24న సాక్షి ఒకేరోజు 23 ఎడిషన్లతో, అన్ని పేజీలూ రంగుల్లో, తక్కువ ధరకు దిగినప్పుడు పోటీ మరింత ముదిరి, పేపర్ అంటే చవగ్గా రావాల్సిన వస్తువన్న భావన ఇంకా గట్టిపడింది. ఫోన్‌లో వార్తలు ఉచితంగా దొరకడం తెలుగు పాఠకుడికి కొత్త అలవాటేమీ కాదు. అంతకు ఎంతో ముందునుంచీ పత్రికలే ఆ అలవాటు చేశాయి.

ఇక దెబ్బలు వరుసగా పడ్డాయి. మన పత్రికలకు కావలసిన న్యూస్‌ప్రింట్‌లో పెద్ద వాటా విదేశాలదే. కేంద్రం 2019 బడ్జెట్‌లో దిగుమతి న్యూస్‌ప్రింట్‌పై 10 శాతం సుంకం వేసి, గగ్గోలు పుట్టాక మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లేసరికి, మనకు ముఖ్యమైన సరఫరాదారుల్లో ఒకటైన రష్యా నుంచి రవాణా చిక్కుల్లో పడి టన్ను ధర కొండెక్కింది. అసలు కోలుకోలేని దెబ్బ అప్పటికే తగిలి ఉంది. 2020 మార్చిలో కాగితం మీద వైరస్ వస్తుందన్న పుకారుకు జడిసి అపార్ట్‌మెంట్లు పేపర్ బాయ్‌లను గేటు బయటే ఆపేశాయి. ప్రకటనలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. జిల్లా అనుబంధాలు విడి పత్రికగా రావడం మాని, ప్రధాన పత్రిక లోపల నాలుగైదు పేజీలుగా ఒదిగాయి. డెక్కన్ క్రానికల్ సంస్థకు చెందిన ఆంధ్రభూమి అప్పుడు ఆగిన ప్రెస్సును మళ్లీ తిప్పలేదు. కథలకు నెలవైన చతుర, విపుల, వాటితోపాటు తెలుగు వెలుగు, బాలభారతం 2021లో ఆగాయి. వాటి గురించి రచయితలు బాగానే బాధపడ్డారు, పడాల్సిందే. జిల్లా పేజీలు కుంచించుకుపోయినందుకు మాత్రం ఎవరూ సంతాపసభ పెట్టలేదు. నష్టం అక్కడే ఎక్కువ.

రాష్ట్రస్థాయి వార్తకు లోటు రాదు. ముఖ్యమంత్రి ప్రెస్‌మీట్ టీవీలో వస్తుంది, యూట్యూబ్‌లో వస్తుంది, ఆయన పార్టీ ఖాతాలోనూ వస్తుంది. మండల పరిషత్ సమావేశంలో ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం ఒక మనిషి అక్కడికి వెళ్లి కూర్చోవాలి. ఊళ్లలో ఇప్పుడు మైకు పట్టుకున్న యూట్యూబ్ ఛానళ్లకు కొదవలేదు. వాటిలో కొన్ని నిజంగా పనిచేస్తున్నాయి. చాలావాటికి ఎడిటర్ లేడు, డెస్క్ లేదు, తప్పు రాస్తే సవరణ వేసే ఆనవాయితీ లేదు. పత్రికలో అయితే విలేకరి పంపింది డెస్క్‌లో ఒకరు చూస్తారు, ‘అవతలివాళ్ల వివరణేదీ’ అని ఫోన్ చేసి అడుగుతారు. ఆ అడిగేవాడి జీతమే ఇప్పుడు ప్రశ్న.

మరి డబ్బు ఎటు పోయింది? ప్రకటనల సొమ్ము గూగుల్, మెటాల వైపు మళ్లింది. వార్తలు మావి, ఆదాయం మీదా అంటూ ఈనాడుకూ సభ్యత్వం ఉన్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు చేస్తే, 2022 జనవరిలో కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌పై విచారణకు ఆదేశించింది. ఆస్ట్రేలియా 2021లో చట్టం చేసి ఈ కంపెనీలతో పత్రికలకు డబ్బు ఇప్పించింది. కెనడా అదే బాట పడితే, 2023 ఆగస్టు నుంచి మెటా ఆ దేశంలో వార్తలు కనిపించకుండా చేసింది. చట్టంతో తలుపు తడితే ఒక్కోసారి తలుపే మూసుకుంటుందని పత్రికలకు అర్థమైంది.

మిగిలింది ప్రభుత్వ ప్రకటన. కేంద్రం 2025 నవంబర్‌లో పత్రికలకిచ్చే ప్రకటనల రేటును 26 శాతం పెంచింది. రాష్ట్రాల్లో సంగతి తెలుగు పాఠకులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ ప్రభుత్వం వస్తే ఏ పత్రిక మొదటి పేజీ నిండుతుందో, ఏది ఖాళీ అవుతుందో ఇంట్లో పెద్దవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోకుండానే చెప్పగలరు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపర్ కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇచ్చింది. అది ఒకే పత్రిక సర్క్యులేషన్ పెంచడానికేనంటూ ఈనాడు యాజమాన్య సంస్థ కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. తప్పొప్పులు కోర్టు చూసుకుంటుంది. ప్రభుత్వం ఇచ్చే డబ్బు, పత్రిక అమ్మే ప్రతుల సంఖ్య ఇంతగా ముడిపడ్డాయని మాత్రం ఆ కేసు బయటపెట్టింది.

ఇందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని పాయ ఒకటుంది: చట్టప్రకారం వేయాల్సిన ప్రకటనలు. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్‌ను ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో వేయాలి, ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అప్పు కట్టని ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నా రెండు పత్రికల్లో నోటీసు తప్పదు. ఎన్నికల్లో నిలబడే అభ్యర్థి తన మీదున్న క్రిమినల్ కేసుల వివరాలు పత్రికల్లో ప్రకటించాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. వెబ్‌సైట్‌లో పెట్టినదాన్ని రేపు మార్చవచ్చు, ఎల్లుండి తీసేయవచ్చు. తేదీతో అచ్చయిన ప్రతిని ఎవరూ వెనక్కి పిలిపించలేరు. కాగితానికి ఇప్పటికీ మిగిలిన అసలు బలం ఇదని చెప్పాలి.

ఆ బలం కూడా చట్టసభలో ఒక సవరణతో పోతుంది. వియన్నాలో 1703 నుంచి వస్తున్న వీనర్ జైటుంగ్ అలాగే ఆగింది. ప్రభుత్వానికి చెందిన ఆ దినపత్రికకు కంపెనీల అధికారిక ప్రకటనలే ప్రధాన ఆదాయం. వాటిని అచ్చులో వేయాల్సిన అవసరం లేదని 2023లో ఆస్ట్రియా చట్టం మార్చింది. అదే ఏడాది జూన్ 30న చివరి దినసంచిక వచ్చింది. మూడు శతాబ్దాల పత్రిక ఆగడానికి పాఠకులు దాన్ని వదిలేయాల్సిన పనే పడలేదు.

పాఠకులు ఇక్కడా పూర్తిగా వదిలేయలేదు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్తే గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే కుర్రాళ్లు కనిపిస్తారు. ఎడిటోరియల్ పేజీ మడిచి పట్టుకుని, పథకాల పేర్లు నోట్‌బుక్కులో ఎక్కించుకుంటూ ఉంటారు. వాళ్ల జేబుల్లో ఫోన్లు లేక కాదు. పరీక్షకు ఏది ముఖ్యమో ఏది కాదో ఎవరో ఒకరు ముందే ఏరిపెట్టారన్న భరోసా వాళ్లకు కావాలి. పౌరులు కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది గనక, ఆ బల్లల మీది పత్రికలకు నిజానికి ఊరంతా చందా కట్టినట్టే.

ఇంకో రకం పాఠకుడు సముద్రానికి అవతల ఉన్నాడు. గుంటూరులో తెల్లవారుజాము ఐదింటికి ఈ-పేపర్ సిద్ధమయ్యేసరికి డల్లాస్‌లో వేసవిలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. కొడుకు అక్కడ భోజనానికి కూర్చోకముందే, ఇక్కడ తండ్రి ఇంకా గుమ్మంలోంచి తీయని పేపర్ చదివేస్తాడు. అతను ముందు తెరిచేది మొదటి పేజీ కాదు, తన నియోజకవర్గం పేజీ. చెరువు నిండిందా, బైపాస్ పనులు ఎక్కడిదాకా వచ్చాయి, ఎవరు పోయారు. ఆ పేజీకి డబ్బు కట్టమంటే కాదనేవాళ్లు తక్కువే. న్యూయార్క్ టైమ్స్‌కు డిజిటల్ చందాదారులు కోటి పది లక్షలు దాటారంటే అది ఇంగ్లిష్ గొప్పతనం ఒక్కటే కాదు, అడగాల్సినప్పుడు అడగడం కూడా. జర్మనీలో టాజ్ పత్రిక 2025 అక్టోబర్‌లో వారం మధ్య రోజుల అచ్చు ఆపేసి, వారాంతపు సంచికను మాత్రం కాగితంమీద ఉంచుకుంది. దానికి ఏళ్ల ముందే తన పాఠకులను డిజిటల్ చందాకు అలవాటు చేసింది. తెలుగు పత్రికలు తమ సైట్లను చాలావరకు ఉచితంగా తెరిచిపెట్టి, పక్కన మెరిసే ప్రకటనల మీద ఆశ పెట్టుకున్నాయి.

రాబోయే పదేళ్లలో తెలుగు దినపత్రిక ఆగిపోతుందని అనుకోనక్కర్లేదు. పలచబడుతుంది, ధర పెరుగుతుంది, కొన్నిచోట్ల రెండు మూడు యూనిట్లకు ఒకే ప్రెస్సు అవుతుంది, దూరపు మండలాలకు వ్యాన్ ఆగిపోతుంది. తెల్లవారుజామున మూడున్నరకు పాయింట్ దగ్గర కట్టలు విప్పి, పాంప్లెట్లు దూర్చి, సైకిలెక్కే కుర్రాళ్లు ఇప్పటికే దొరకడం లేదు. ఫుడ్ డెలివరీ బండి నడిపితే అంతకన్నా మిగులుతోంది. కాగితం ఎంతకాలం ఉంటుందన్నది ఇలాంటి లెక్కలే తేలుస్తాయి. దాని కోసం మరీ గుండెలు బాదుకోవాల్సిన పనిలేదు. మండల పేజీ కాగితం మీద ఉన్నా తెర మీద ఉన్నా పని ఒకటే, దాన్ని నింపే మనిషి ఉండాలి.

అతని జీతం లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఒక నియోజకవర్గంలోనూ, అక్కడి నుంచి వెళ్లి హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో స్థిరపడినవాళ్లలోనూ కలిపి 5,000 ఇళ్లు నెలకు 50 రూపాయలు యూపీఐలో కడితే రెండున్నర లక్షలు. ఐదుగురు మండల విలేకరులకు తలా 25,000 ఇచ్చినా సగం మిగులుతుంది. ఆ సగంతో డెస్క్‌లో ఇద్దరు, సర్వర్ ఖర్చు, కోర్టు నోటీసు వస్తే లాయరు. అప్పుడు దసరా టార్గెట్ అడగక్కర్లేదు. యాజమాన్యాలకు ఈ లెక్కలో మింగుడుపడని చిక్కు ఒకటుంది. డబ్బు కట్టే ఆ 5,000 ఇళ్లలో రెండు పార్టీలవాళ్లూ ఉంటారు. ప్రభుత్వ ప్రకటనతో నడిచే పత్రిక ఒక పక్షం పాఠకులను వదులుకుని అయినా బతకగలదు. చందాతో నడిచే నియోజకవర్గ పేజీ ఎమ్మెల్యే మారిన మరుసటి నెలలో కూడా అదే రోడ్డు గుంత గురించి, అదే గొంతుతో రాయాలి. లేకపోతే సగం మంది చందా ఆపేస్తారు.